నాలుగు డిస్కుల నాస్‌కి ఏ రెయిడ్ పెట్టాలి: విశాఖలో ఒక పెళ్ళి ఫోటోల స్టూడియోలో వాడి చూశాక

సినాలజీ కంపెనీ డీఎస్923 ప్లస్ అనే నాలుగు డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ కలిసి వాడుకునే డిస్కుల డబ్బా) ఎంవీపీ కాలనీలో మా బావ స్టూడియోలో పెట్టి చాలా కాలమైంది, పెళ్ళిళ్ళ సీజన్ ఒత్తిడంతా దాని మీదే నడిచింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రివ్యూ రాయొచ్చు. డబ్బా మంచిదే, దాని గురించి కింద చెప్తాను. కానీ కొనాలనుకుని నన్ను అడిగేవాళ్ళందరూ ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి అడుగుతున్నారు తప్ప డిస్కులు ఏ పద్ధతిలో కట్టాలో అడగట్లేదు, అసలు టెన్షన్ పడాల్సింది అక్కడ. డబ్బా నచ్చకపోతే అమ్మేసుకోవచ్చు. మొదటి రోజు ఎంచుకున్న రెయిడ్‌ని, అంటే డిస్కుల్ని కలిపి కట్టే ఆ పద్ధతిని, పన్నెండు టీబీల డేటా ఎక్కించాక మార్చాలంటే మాత్రం కొన్నిటికి రోజులు పడుతుంది, కొన్నిటిని మార్చనే లేము.

నా తీర్పు ముందే చెప్పేస్తా. నాలుగు డిస్కులూ నింపేవాళ్ళు, రోజూ దాని మీదే పని జరిగేవాళ్ళు ఎస్‌హెచ్‌ఆర్-2 పెట్టుకోండి, అంటే సినాలజీ సొంత రెయిడ్‌లో రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే పద్ధతి. ఇంటి ఫోటోలు, చిన్న ఆఫీసు ఫైళ్ళు దాచుకునేవాళ్ళు రెండు పెద్ద డిస్కులు కొని మిర్రర్ చేసుకోండి, అంటే రెండింటిలోనూ అదే డేటా ఉంచుకోండి, మిగిలిన డబ్బుతో బయట పెట్టుకునే బ్యాకప్ డిస్కు కొనండి. రెయిడ్ 5, అదే ఎస్‌హెచ్‌ఆర్-1, నాలుగు డిస్కులతో అందరూ కళ్ళు మూసుకుని పెట్టేది, మన ఊరి పరిస్థితికి నేను సిఫారసు చేయను. ఎందుకో చెప్తాను.

ముందు ఆ స్టూడియో పని ఎలాంటిదో చెప్పాలి. ఒక పెద్ద పెళ్ళంటే ఇద్దరు ఫోటో తీసేవాళ్ళు, ఇద్దరు వీడియో వాళ్ళు, ఒక డ్రోన్, అంతా 4కే, దాంతో ఒక్క పెళ్ళికే అర టీబీ సులువుగా దాటుతుంది. ఆల్బమ్ డిజైన్ అయ్యి, అమ్మాయివాళ్ళూ అబ్బాయివాళ్ళూ ఓకే చెప్పి, ప్రింటై వచ్చేదాకా ఏదీ తీసేయడానికి లేదు. నాస్ వచ్చేముందు బీరువాలో ఎక్స్‌టర్నల్ డిస్కుల వరస ఉండేది, మీద పెళ్ళికూతురి పేరు మార్కర్‌తో రాసి. అందులో ఒకటి కింద పడితే ఆ పెళ్ళి మళ్ళీ చేయించలేం కదా. అందుకే నాస్ అనుకున్నాం.

ఎనిమిది టీబీలవి నాలుగు డిస్కులు కొని వాటిలో పదహారే వాడుకోగలమని నేను చెప్పగానే బావ, "ఒరేయ్, నాలుగు కొని రెండింటి జాగాయే వాడుకుంటే మిగతా రెండూ దండగే కదరా" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అక్కడ డబ్బాకంటే డిస్కులకే ఎక్కువ ఖర్చయింది మరి.

దండగ ఎందుకు కాదో తెలియాలంటే రెయిడ్ ఏం చేస్తుందో కొంచెం తెలియాలి. 1988లో బర్క్లీ యూనివర్సిటీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ప్రతిపాదించిన ఆలోచన ఇది: ఒక ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడుకుందాం, ఏదో ఒకటి పోతుందని ముందే లెక్కేసుకుని దానికి తగ్గట్టు అదనపు సమాచారం రాసి పెట్టుకుందాం. మూడు డిస్కుల్లో 5, 7, 3 అని ఉందనుకోండి, నాలుగో దాంట్లో మొత్తం 15 అని రాస్తాం. 7 ఉన్న డిస్కు పోతే 15 లోంచి 5, 3 తీసేస్తే 7 వచ్చేస్తుంది. నిజానికి అది కూడిక కాదు, బిట్ల మీద చేసే ఎక్సార్ లెక్క, పైగా ఆ మొత్తం ఒకే డిస్కులో కాకుండా అన్నిటి మీదా వంతులవారీగా పడుతుంది, కానీ సూత్రం ఇదే, దీన్నే పారిటీ అంటారు. రెయిడ్ 5 అంటే ఒక సమీకరణం, ఒక డిస్కు పోతే లెక్క తేలుతుంది. రెండు పోతే రెండు తెలియని సంఖ్యలకి ఒకే సమీకరణం మిగులుతుంది, తేలదు. రెయిడ్ 6లో ఇంకో రకం లెక్కతో రెండో సమీకరణం కూడా రాసి పెడతారు, అందుకే రెండు పోయినా తేలుతుంది. సినాలజీ వాళ్ళ ఎస్‌హెచ్‌ఆర్-1, ఎస్‌హెచ్‌ఆర్-2 కూడా లోపల ఇవే, వేరే సైజుల డిస్కులు కలిసినప్పుడు జాగా వృథా కాకుండా ముక్కలు చేసి సర్దుతాయి, అంతే తేడా.

ఇప్పుడు అసలు సంగతి. ఒక డిస్కు పోయిన క్షణం నుంచి కొత్తది వచ్చి, దాని మీద డేటా మొత్తం మళ్ళీ రాసి పూర్తయ్యేదాకా ఉన్న సమయం ఎంత? రెయిడ్ 5లో ఆ సమయమంతా మీకు ఏ రక్షణా లేదు. డేటా సెంటర్‌లో అయితే పక్క గదిలో కొత్త డిస్కు ఉంటుంది, ఆ వ్యవధి గంటల్లో తేలిపోతుంది. ఇక్కడ అలా కాదు. ద్వారకానగర్, డైమండ్ పార్క్ వైపు షాపులన్నీ తిరిగితే నాకు మామూలు డెస్క్‌టాప్ డిస్కులు, సీసీ కెమెరాలకి పెట్టే సర్వైలెన్స్ డిస్కులు చేతికి దొరికాయి, నాస్ కోసం చేసిన ఎనిమిది టీబీ డిస్కు అడిగితే మాత్రం "ఆర్డర్ పెడితే హైదరాబాద్ నుంచి తెప్పిస్తాం సార్" అన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టినా రోజులే. వారంటీ కింద మార్పించుకుందామనుకుంటే వారాలు కూడా పట్టొచ్చు. మధ్యలో ఆదివారం, పండగ, తుఫాను హెచ్చరిక వస్తే కొరియర్ వాళ్ళు కూడా ఆగిపోతారు.

దానికి రీబిల్డ్ సమయం, అంటే కొత్త డిస్కు మీద డేటా మళ్ళీ రాసే సమయం కలపండి. ఎనిమిది టీబీల డిస్కు మీద సెకనుకి 150 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా పదిహేను గంటల దాకా పడుతుంది, మధ్యలో ఎడిటర్లు పని చేసుకుంటుంటే ఇంకా ఎక్కువ. ఆ గంటలన్నీ మిగిలిన మూడు డిస్కుల్నీ మొదటి నుంచి చివరి దాకా చదువుతూనే ఉంటుంది. అవి కూడా అదే రోజు, అదే షాపులో, అదే బ్యాచ్‌లో కొన్నవైతే వాటి వయసూ అలసటా కూడా ఒకటే అని గుర్తుంచుకోండి. చాలా మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో చదవలేని పొరపాటు కోటి కోట్ల బిట్లకి, అంటే 12.5 టీబీ చదివితే గరిష్ఠంగా ఒకసారి రావచ్చు అని ఉంటుంది, ఖరీదైన వాటిలో అది పదిరెట్లు మెరుగు. మూడు ఎనిమిదులు ఇరవైనాలుగు టీబీ చదవాలి కాబట్టి రెయిడ్ 5 రీబిల్డ్ తప్పకుండా విఫలమవుతుందని కొందరు భయపెడతారు, అది అతి, ఆ అంకె తయారీదారు ఇచ్చే కనీస హామీ మాత్రమే, వాడుకలో డిస్కులు దానికంటే బాగానే చదువుతాయి. కానీ ఆ ఒక్క చోట తప్పు వస్తే అక్కడున్న ఫైలు పోవచ్చు, కొన్ని సిస్టమ్‌లలో రీబిల్డే ఆగిపోతుంది. రెండు పారిటీలు ఉంటే ఒక డిస్కు లేకపోయినా రెండో పారిటీ ఆ తప్పుని సరిచేస్తుంది. బావకి నేను చెప్పింది ఇదే: బావా, నువ్వు జాగా పోగొట్టుకోవట్లేదు, హైదరాబాద్ నుంచి డిస్కు వచ్చేదాకా ప్రశాంతంగా పని చేసుకునే రోజులు కొనుక్కుంటున్నావు.

అలాగే అయింది కూడా. సరిగ్గా మాఘమాసం ముహూర్తాల మధ్యలో ఒక డిస్కులో చెడిపోయిన సెక్టార్ల (డేటా రాసుకునే చిన్న చిన్న గళ్ళ) లెక్క పెరుగుతోందని నాస్ మెయిల్ పంపింది, తర్వాత ఆ డిస్కు పూర్తిగా ఆగిపోయింది. కొత్తది రావడానికి రోజులు పట్టింది. స్టూడియోలో ఒక్కరు కూడా పని ఆపలేదు, ఎడిటర్‌కైతే ఏదో జరిగిందని కూడా తెలియదు. కొత్తది రాగానే నాస్ ఆపకుండానే పాతది లాగేసి దాన్ని తోసి, స్టోరేజ్ మేనేజర్‌లో రిపేర్ నొక్కి ఇంటికెళ్ళాను, రాత్రి మొదలైంది మర్నాడు మధ్యాహ్నం దాటాక పూర్తయింది. ఇందులో ఫాస్ట్ రిపేర్ అని ఒకటుంది, వాడిన జాగా మాత్రమే తిరిగి రాస్తుంది, కానీ సీజన్‌లో నాస్ నిండుగా ఉంటుంది కాబట్టి పెద్ద లాభం కనబడలేదు.

నాలుగు డిస్కులు ఉన్నప్పుడు మూడింటితో రెయిడ్ 5 పెట్టి నాలుగోది హాట్ స్పేర్‌గా ఉంచమని ఇంకో షాపులో సలహా ఇచ్చారు. వద్దు. వాడుకునే జాగా రెయిడ్ 6కీ దానికీ ఒకటే, రెండు డిస్కులంత. కానీ హాట్ స్పేర్ ఖాళీగా కూర్చుని ఉంటుంది, డిస్కు పోయాకే రీబిల్డ్ మొదలవుతుంది, ఆ గంటల్లో రెండోది పోతే అంతే సంగతులు. రెయిడ్ 6లో ఆ నాలుగో డిస్కు మొదటి రోజు నుంచే రక్షణ పనిలో ఉంటుంది.

రెయిడ్ 10 గురించి కూడా చాలామంది గట్టిగా చెప్తారు, జంటలు జంటలుగా మిర్రర్, రాయడం వేగం, రీబిల్డ్ కూడా తేలిక ఎందుకంటే ఒక్క జంట డిస్కుని కాపీ చేస్తే చాలు. నిజమే. జాగా కూడా రెయిడ్ 6 అంతే. కానీ ఒకటి పోయాక రెండోది పోతే, అది దాని జంటే అయ్యే అవకాశం మిగిలిన మూడింట్లో ఒకటి, అప్పుడు మొత్తం పోతుంది. రెయిడ్ 6లో ఏ రెండు పోయినా పర్వాలేదు. ఇక వేగం అంటారా, ఈ డబ్బాకి వచ్చేవి రెండు ఒక గిగాబిట్ పోర్టులు, ఒక కేబుల్ మీద సెకనుకి 110 ఎంబీ దాటదు, ఈ రోజుల్లో ఒంటరి డిస్కే అంతకంటే వేగంగా చదువుతుంది. లోపల రెయిడ్ 10 వేగం ఎంతున్నా ఎడిటర్ కంప్యూటర్ దగ్గరకి వచ్చేది ఆ 110 మాత్రమే. పది గిగాబిట్ కార్డు విడిగా కొని, స్విచ్ కూడా మార్చి, వర్చువల్ మెషీన్లు, డేటాబేస్‌లు నడిపేవాళ్ళకి రెయిడ్ 10 మాట వేరు. పెళ్ళి వీడియోలకి అక్కర్లేదు.

సూక్ష్మంగా ఆలోచించేవాళ్ళు ఇంకో ప్రశ్న అడుగుతారు, ఎనిమిదివి నాలుగు ఎందుకు, పదహారువి రెండు కొని మిర్రర్ చేస్తే అదే పదహారు టీబీ వస్తుంది కదా అని. మంచి ప్రశ్న, కరెంటు ఖర్చు తక్కువ, నాస్‌లో డిస్కు పెట్టే రెండు గదులు ఖాళీగా ఉంటాయి, తర్వాత పెంచుకోవచ్చు. ఇంటికైతే నేను అదే చెప్తాను. కానీ పదహారు టీబీ రీబిల్డ్ ఒక రోజు పైనే తీసుకుంటుంది, కొత్త డిస్కు వచ్చేదాకా, ఆ తర్వాత ఆ రోజంతా కూడా ప్రపంచంలో ఒక్క కాపీ మీదే ఆధారపడి ఉంటారు. రోజూ బ్యాకప్ జరిగే చోట అది ఒప్పుకోవచ్చు. రాత్రి పదకొండుకి కార్డులు తెచ్చి కాపీ చేసి, పొద్దున్నే అవే కార్డులు ఖాళీ చేసి ఇంకో పెళ్ళికి పట్టుకెళ్ళేవాళ్ళకి ఒప్పుకోలేం.

ఎస్‌హెచ్‌ఆర్‌లో నాకు నచ్చింది పెరిగే తీరు. రెండు డిస్కులతో ఎస్‌హెచ్‌ఆర్-1 మొదలుపెడితే అది మిర్రరే, మూడోది వేస్తే రెయిడ్ 5 లాగా మారుతుంది, తర్వాత ఇంకో డిస్కు కలిపి ఎస్‌హెచ్‌ఆర్-2కి వెళ్ళొచ్చు. వెనక్కి మాత్రం రాలేరు. మామూలు రెయిడ్ 5 పెట్టి తర్వాత ఎస్‌హెచ్‌ఆర్‌కి మారుదామంటే కుదరదు, మొత్తం తీసి మళ్ళీ మొదలే. నాలుగు టీబీలవి రెండు, ఎనిమిది టీబీలవి రెండు కలిపి పెడితే మామూలు రెయిడ్ 5 అన్నిటినీ నాలుగులుగానే చూసి 12 టీబీ ఇస్తుంది, ఎస్‌హెచ్‌ఆర్-1 పదహారు ఇస్తుంది. అదే కలయికలో ఎస్‌హెచ్‌ఆర్-2 అయితే ఎనిమిదే వస్తుంది, కాబట్టి రెండు డిస్కుల రక్షణ కావాలంటే ఒకే సైజువి కొనడం మేలు. ఇది సొంత పద్ధతి కదా, డబ్బా పోతే డిస్కులు చదవలేమేమో అని భయపడేవాళ్ళకి: లోపల ఉన్నది లినక్స్‌లో ఎప్పటినుంచో ఉన్న ఎండీయాడ్‌ఎమ్, ఎల్వీఎమ్ అనే డిస్కులు కలిపే పనిముట్లు మాత్రమే, ఉబుంటు ఉన్న కంప్యూటర్‌కి డిస్కులు తగిలించి డేటా తీసుకునే విధానాన్ని కంపెనీయే ఇచ్చింది.

పదహారు టీబీ అని చెప్తే స్క్రీన్ మీద 14.5 చూపిస్తోందేంటని బావ కంగారుపడ్డాడు. డిస్కు అమ్మేవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, సిస్టమ్ 1024తో లెక్కేస్తుంది, ఎక్కడా ఏమీ పోలేదు. వేరేవాళ్ళకి పెట్టిస్తుంటే ముందే చెప్పి పెట్టండి.

డిస్కులు కొనేటప్పుడు చాలా జాగ్రత్త. ఎస్‌ఎంఆర్ అనే రకం డిస్కులు ట్రాకుల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తాయి, చవకగా వస్తాయి, మామూలుగా వాడుకుంటే బాగానే ఉంటాయి, రీబిల్డ్‌లో గంటలకొద్దీ ఆగకుండా రాయాల్సి వచ్చేసరికి నత్తనడకే. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ సిరీస్‌లో కొన్ని 2 నుంచి 6 టీబీ మోడళ్ళు ఎస్‌ఎంఆర్ అని ముందు చెప్పకుండా అమ్మిన విషయం బయటపడి పెద్ద గొడవైంది, ఆ తర్వాతే సీఎంఆర్, అంటే ట్రాకుల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా రాసే వాటిని రెడ్ ప్లస్ పేరుతో విడదీశారు. కాబట్టి రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ లాంటివి తీసుకోండి, పేరు చూసి ఆగకుండా మోడల్ నంబరు చివరి అక్షరాల దాకా చూసి సీఎంఆర్ అని తేల్చుకోండి. డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో చిక్కు, చదవలేని సెక్టార్ వస్తే దాంతో చాలాసేపు పెనుగులాడుతూ ఉండిపోతాయి, ఈలోపు ఆ డిస్కు చచ్చిపోయిందనుకుని కొన్ని రెయిడ్‌లు బయటికి నెట్టేస్తాయి. నాస్ డిస్కులు కొన్ని సెకన్లలోనే చేతులెత్తేసి పారిటీకి వదిలేస్తాయి, కావాల్సింది అదే.

డబ్బా సంగతి: ఏఎండీ రైజెన్ ఆర్1600, 4 జీబీ ఈసీసీ (చిన్న తప్పుల్ని తానే సరిచేసుకునే) ర్యామ్, ఫైళ్ళు పంచుకోవడానికి, స్నాప్‌షాట్లకి (ఆ క్షణానికి ఫైళ్ళు ఎలా ఉన్నాయో గుర్తుంచుకోవడానికి), బ్యాకప్‌లకి చాలు. ఇందులో వీడియోని ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే గ్రాఫిక్స్ లేదు కాబట్టి ఇంట్లో సినిమాల సర్వర్‌గా వాడాలనుకునేవాళ్ళు వేరేది చూసుకోండి. సాఫ్ట్‌వేర్ మాత్రం నిజంగా బాగుంది, కంప్యూటర్ పెద్దగా తెలియని బావే యూజర్లని చేర్చుకుంటున్నాడు. ఒక్క విషయం చెప్పి తీరాలి: షేర్డ్ ఫోల్డర్ తయారు చేసేటప్పుడు డేటా చెక్‌సమ్ అని ఒక టిక్ ఉంటుంది, అది అప్పుడే పెట్టాలి, తర్వాత పెట్టలేరు. అది ఉంటే నాస్ వాడే ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పాడైన బిట్లని గుర్తుపట్టి పారిటీ నుంచి సరిచేసుకుంటుంది. డేటా స్క్రబ్బింగ్, అంటే డిస్కులన్నిటినీ చదివి సరిచూసే పని, కొన్ని నెలలకోసారి రాత్రిపూట నడిచేలా షెడ్యూల్ పెట్టండి, ఎవరూ తెరవని పాత పెళ్ళిలో దాగున్న చెడ్డ సెక్టార్ రీబిల్డ్ రోజు కాకుండా ముందే బయటపడుతుంది.

కరెంటు. విశాఖలో చాలా ఇళ్ళల్లో ఇన్వర్టర్ ఉంటుంది కదా అని నాస్‌ని దానికే తగిలించేస్తున్నారు. ఇన్వర్టర్ నాస్‌తో మాట్లాడదు, బ్యాటరీ అయిపోతే రాస్తున్నది రాస్తుండగానే ఆగిపోతుంది, డేటా రాసి పారిటీ రాయకముందు ఆగితే రెండూ పొసగవు. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ కొనండి, బ్యాటరీ తగ్గగానే నాస్ తనంతట తానే ఫైళ్ళు మూసుకుని ఆగుతుంది. బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్ళు, లాసన్స్ బే వైపు వాళ్ళు, దాన్ని కిటికీ పక్కన అసలు పెట్టకండి, ఉప్పుగాలి కనెక్టర్లని తినేస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యం. ఎస్‌హెచ్‌ఆర్-2 పెట్టినా అది బ్యాకప్ కాదు. ఎడిటర్ పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, అంటే డబ్బు గుంజే వైరస్, ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన క్యూనాప్, ఆసుస్టర్ కంపెనీల నాస్‌లలోకి దూరి ఫైళ్ళకి తాళం వేసింది, వాటిలో రెయిడ్ ఏదైనా ఒకటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి, కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి నీళ్ళొచ్చి రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్ళకి, రెండో కాపీ ఇదే ఊళ్ళో ఉంటే చాలదని వేరే చెప్పక్కర్లేదు. మేము చేసిన ఏర్పాటు: రోజూ స్నాప్‌షాట్లు, రాత్రిపూట సినాలజీ హైపర్ బ్యాకప్ ప్రోగ్రామ్‌తో యూఎస్‌బీ డిస్కుకి, పూర్తయిన పెళ్ళిళ్ళ డిస్కు హైదరాబాద్‌లో మా అక్క వాళ్ళింటికి, ఎంపికైన ఫోటోలూ ఫైనల్ వీడియోలూ మాత్రం క్లౌడ్‌కి. అంతా క్లౌడ్‌కే పంపుదామంటే లెక్క చూసుకోండి, 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పూర్తిగా దొరికినా ఎనిమిది టీబీలకి వారం దాటుతుంది, తిరిగి దింపుకోవడానికీ దాదాపు అంతే.

ఎస్‌హెచ్‌ఆర్-2కీ బ్యాకప్‌కీ రెండింటికీ డబ్బు చాలకపోతే? అప్పుడు ఎస్‌హెచ్‌ఆర్-2 వదిలేసి రెండు డిస్కుల మిర్రర్, బయట ఒక బ్యాకప్ డిస్కు తీసుకోండి. బ్యాకప్ లేని రెయిడ్ 6 కంటే అది మేలు, ఈ విషయంలో నాకు సందేహం లేదు.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళు దీని తర్వాత వచ్చిన డీఎస్925 ప్లస్ కూడా చూస్తారు. దానికి 2.5 గిగాబిట్ పోర్టులు రెండున్నాయి, అది మంచి మార్పు, కానీ పది గిగాబిట్ కార్డు పెట్టే చోటు తీసేశారు. 2025లో ఆ మోడళ్ళకి కంపెనీ తన సొంత డిస్కులే వాడాలని షరతు పెట్టి, విమర్శలు వచ్చాక అదే ఏడాది అక్టోబర్‌లో నాస్ నడిపే సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎమ్ 7.3తో సడలించింది, కాబట్టి వేరే కంపెనీ డిస్కులు పెట్టేవాళ్ళు ముందు ఆ వెర్షన్ ఎక్కించుకోండి. ఏ మోడల్ కొన్నా, పనికి అప్పగించే ముందు కొన్ని పాత ఫైళ్ళు ఎక్కించి, నడుస్తుండగానే ఒక డిస్కు బయటికి లాగి చూడండి. బీప్ వస్తుందా, మెయిల్ మీ ఫోన్‌కి చేరుతుందా, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయా, రిపేర్ బటన్ ఎక్కడుంది, ఇవన్నీ స్టూడియోలో ఉండే ఇంకొకరికి కూడా చూపించండి, ఎందుకంటే డిస్కు పోయే రోజున మీరు అరకులోనో అన్నవరంలోనో షూటింగ్‌లో ఉండొచ్చు.